శాస్త్రజ్ఞుని నవల - ఉద్దానపు ప్రశ్న

మన తెలుగున నవలకు కొదువ లేదు. వైజ్ఞానిక విషయములను సులభశైలిని తెలుపు పుస్తకములకును పూర్వమున్నంత కొదువ నేడు లేదు. కాని జీవితమంతయు శాస్త్రపరిశోధనయందు గడపినవాడే కలము పట్టి కథకుడై, నవలాకారుడై పేరుగాంచుట మన భాషలోనే గాదు, భారతదేశమున నే భాషలోనైనను అరుదు. అట్టివారిలో మొదట నెన్నదగినవారు జయంత విష్ణు నార్లీకరుగారు. వీరు ఖగోళభౌతిక శాస్త్రజ్ఞులు, మరాఠీ రచయితలు. 2025 మే 20వ తేదీన పుణె నగరమున దివంగతులైరి. వీరి రచనలను గూర్చి తెలుగు పాఠకులకు, అందును పలాస, టెక్కలి, ఉద్దాన ప్రాంతముల గ్రంథాలయములలో కూర్చుండి చదువు యువజనులకు, మా అభిప్రాయమును నివేదింపదలచితిమి.

మరాఠీ కథలతో ఉద్దానమున కేమి పని యని కొందరడుగవచ్చును. పని గలదు. శాస్త్రమునుండి ప్రజలేమి కోరవచ్చును, శాస్త్రజ్ఞుడు ప్రజలకేమి ఋణపడియున్నాడు అను ప్రశ్న ఈ తీరమున పుస్తకములలోని ప్రశ్న గాదు, ఇంటింటి ప్రశ్న. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో పొలముపని చేసికొని బ్రదుకువారిని దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. దానికి మూలకారణ మిదియని నేటికిని తేలలేదు. ఇట్టిచోట శాస్త్రజ్ఞుడు వ్రాసిన కథను చదువువాడు వినోదముతో మాత్రమే తృప్తినొందడు. ఈ కథలోని శాస్త్రజ్ఞుడు మా యూరికి వచ్చినచో మాతో నెట్లు మాటలాడును అని తప్పక ఆలోచించును. ఆ ఆలోచననే గీటురాయిగా గొని మేమీ కథలను పరిశీలింతుము.

ముందుగా వారి జీవితమును సంగ్రహముగా చెప్పుదుము. నార్లీకరుగారు 1938 జూలై 19న కొల్హాపురమున జన్మించిరి. తండ్రి విష్ణు వాసుదేవ నార్లీకరుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున గణితాచార్యులు. తల్లి సుమతిగారు సంస్కృత విదుషీమణి. కాశీయందు 1957లో పట్టము పొంది, కేంబ్రిడ్జికి పోయి, 1959లో గణితపరీక్షయందు ప్రథములై సీనియర్ రాంగ్లర్ అను గౌరవము నందిరి. అచ్చట ఫ్రెడ్ హాయిల్ అను ఖగోళవేత్తకు శిష్యులై 1963లో డాక్టరు పట్టము బడసిరి. మరుసటి యేడు గురుశిష్యులిద్దరును గలిసి ప్రకటించిన గురుత్వాకర్షణ సిద్ధాంతము పండితలోకమున పెద్ద చర్చకు కారణమయ్యెను. 1965లో, ఇరువదియేడేండ్లు నిండకముందే, భారతప్రభుత్వము వారికి పద్మభూషణ బిరుదు నొసంగెను. 1972లో విదేశమును వీడి బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు వచ్చిరి. 1988లో పుణెయందు వెలసిన ఖగోళశాస్త్ర అంతర్విశ్వవిద్యాలయ కేంద్రమునకు ప్రథమ సంచాలకులై 2003 వరకు దానిని పోషించి పెంచిరి.

శాస్త్రజ్ఞుడు కథ వ్రాయుట వారితో మొదలు గాలేదు. మన దేశమున ఆ దారి తీసినవారు జగదీశచంద్ర బోసుగారు. 1896లో కలకత్తాయందు కుంతలీనమను తలనూనె వర్తకుడు పెట్టిన కథలపోటీకి వారొక కథ పంపి బహుమానము గెల్చిరి. అందు బంగాళాఖాతమున పుట్టిన తుపాను తీరమును ముంచబోవుచుండగా, ఓడలోని ప్రయాణికుడొకడు సీసాలోని తలనూనెను సముద్రమున గ్రుమ్మరించును. అలలణగి తుపాను మాయమగును. నూనె నీటిపై పలుచగా పరచుకొని అలల నడచు నను శాస్త్రవిషయమును ఆధారముగా గొని అల్లిన హాస్యకథ యది. 2018 అక్టోబరు 11 వేకువజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, తరతరముల కొబ్బరితోటలను జీడితోటలను నేల గూల్చుట చూచినవారు ఈ కథ చదివి నవ్వుదురు, నవ్వి, నిట్టూర్తురు. ఒక కొబ్బరిచెట్టు కాపునకు వచ్చుటకు పట్టు ఏండ్లెన్నియో వారెఱుగుదురు.

నార్లీకరుగారికి అంతకంటె దగ్గర మార్గదర్శి గురువైన హాయిలే. ఆయన 1957లో ప్రకటించిన ది బ్లాక్ క్లౌడ్ అను నవలలో నొక వాయుమేఘము సూర్యునికిని భూమికిని నడుమ వచ్చి నిలుచును. అది బుద్ధి గల మేఘమని శాస్త్రజ్ఞులు కనుగొందురు. గొప్ప శాస్త్రజ్ఞుడు నవల వ్రాసినచో శాస్త్రగౌరవము తగ్గదని శిష్యునికి గురువు చూపినట్లయ్యెను.

1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తువారు వైజ్ఞానిక కథలపోటీ ప్రకటించిరి. నార్లీకరుగారు కృష్ణవివరమను కథ వ్రాసి పంపిరి. కాని తమ పేరుతో పంపలేదు. జయంత విష్ణు నార్లీకరు అను పేరులోని మొదటి అక్షరములను తలక్రిందులు చేసి, నారాయణ వినాయక జగతాప్ అను కల్పితనామముతో పంపిరి. ఆ కథకే ప్రథమ బహుమానము వచ్చెను. ఇది చిన్న సంగతిగా తోచవచ్చును. కాని ఆయన శీలమంతయు నిందు గలదని మా యభిప్రాయము. పేరును జూచి తీర్పు చెప్పరాదు, వస్తువును జూచి తీర్పు చెప్పవలెనను నియమమును ఆయన ఇతరులకు బోధించుటకు ముందు తన కథకే వర్తింపజేసికొనిరి.

అటుపిమ్మట యక్షాంచీ దేణగీ అను కథాసంపుటమును, ప్రేషిత, వామన్ పరత్ న ఆలా, వైరస్ మున్నగు నవలలును వెలువడినవి. నాలుగు నగరములలో గడచిన తమ జీవితమును గూర్చి వ్రాసికొనిన ఆత్మకథకు 2014లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. 2021లో నాసికమున జరిగిన అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనమునకు వారే అధ్యక్షులు. ఈ కథలలో పెక్కింటిని వారు మొదట మాతృభాషలోనే వ్రాసిరి. ఆంగ్లము వారికి చక్కగా వచ్చును. కేంబ్రిడ్జి పండితులు మెచ్చునంతగా వచ్చును. అయినను కథ చెప్పవలసివచ్చినపుడు ఇంటిభాషకు మరలిరి. టెక్కలికి చేరువనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, ప్రజల వాడుకభాషకు పట్టము గట్టవలెనని పోరాడి, సవరలకు వారి భాషలోనే పుస్తకములు కూర్చిన గిడుగు రామమూర్తిగారి దేశమున నున్నవారికి ఈ మరలుట యొక్క విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక కథలలోనికి పోదము. వారి కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది తోకచుక్క కథ. కలకత్తాలోని దత్తుగారికి ఆకాశమును చూచుట వ్యసనము. దూరదర్శిని నొకదాని సంపాదించి, రాత్రులు మేలుకొని, ఎవ్వరును చూడని క్రొత్త తోకచుక్కను కనిపెట్టును. దానికి ఆయన పేరే పెట్టుదురు. భార్య ఇంద్రాణీదేవికి ఇది సంతోషము గాదు. తోకచుక్క అరిష్టమని ఆమె నమ్మకము. ఇంతలో ఆ చుక్క భూమిని ఢీకొనగలదని ఆంగ్ల శాస్త్రజ్ఞుడొకడు లెక్కకట్టును. ఆ వార్త బయట పొక్కనీయక, నానాదేశముల నిపుణులు రహస్యముగా సమావేశమై, అంతరిక్షనౌకపై అణ్వాయుధమును పంపి చుక్కను దారి మళ్లింప నిశ్చయింతురు. ఇక్కడ ఇంటిలో ఇంద్రాణీదేవి శాంతియజ్ఞము చేయించును. చుక్క తప్పిపోవును. యజ్ఞఫలమే యిది యని ఆమె సంతోషించును. ఒకే యింటిలో రెండు యుగములు కాపురము చేయుచున్నవని దత్తుగారు విచారింతురు.

ఈ కథ చదువుచున్నపుడు తెలుగువానికి గురజాడ అప్పారావుగారి ముత్యాల సరములు జ్ఞప్తికి రాకపోదు. 1910లో హేలీ తోకచుక్క కనబడినపుడు దేశమంతట భయము వ్యాపించెను. అప్పారావుగారు ఆ సమయముననే ఆలుమగల సంభాషణముగా ఆ కావ్యమును రచించి, తోకచుక్క అరిష్టమను భావమును తోసివేసి, దానిని రాబోవు మంచికాలమునకు గుర్తుగా చూపిరి. రెండు రచనలలోను తోకచుక్కయే. రెండింటను భయపడు ఇల్లాలే, చదువుకొన్న భర్తయే. కాని భేదమొకటి గలదు. అప్పారావుగారి భర్త భార్యతో మాటలాడును. ఆమె కోపమును వినును, తన చేతకు కారణము చెప్పును, ఆమె మనస్సును తనవైపు త్రిప్పుకొన జూచును. నార్లీకరుగారి కథలో అసలు సంభాషణము నిపుణులతో జరుగును. ఇంట జరుగునది నిట్టూర్పు మాత్రమే.

ఇందు మాకొక యాక్షేపణ గలదు. భూమికి రాబోవు అపాయమును నిపుణులు ప్రజలకు దాచిరి. దాచుట మంచిదేయని కథ తలంచును. తెలిసినచో జనులు కలవరపడుదురట. నిజమును దాచిన పిమ్మట ఇంద్రాణీదేవి చేతిలో మిగిలిన సాధనమేమి? యజ్ఞమొక్కటే. తెలిసికొను మార్గమును మూసివేసి, తెలియనివాని నమ్మకమును జూచి జాలిపడుట న్యాయము గాదు. మూఢనమ్మకమును ఖండించుటలో మేము నార్లీకరుగారితో నేకీభవింతుము. కాని మూఢనమ్మకము అజ్ఞానము వలననే గాక, జ్ఞానులు తలుపు మూసికొనుట వలనను పెరుగునని ఆయన కథయే, ఆయన ఉద్దేశింపకున్నను, నిరూపించుచున్నది.

మరియు ప్రజల నమ్మకములన్నియు నొక్కజాతివి గావు. టెక్కలి దాపున తేలినీలాపురమను గ్రామము గలదు. ఏటేట గూడబాతులును కొంగలును వచ్చి అచ్చటి చెట్లపై గూళ్లుగట్టి పిల్లల పెంచుకొనిపోవును. పక్షులు వచ్చుట ఊరికి శుభమని గ్రామస్థులు నమ్ముదురు. వానికి కీడు చేయరు. ఆ నమ్మకమును శాస్త్రము సమర్థింపకపోవచ్చును. కాని పక్షిశాస్త్రజ్ఞుడు చేయగోరు రక్షణకార్యమును అది చట్టముకంటె ముందే చేసినది. సంస్కర్త యగువాడు తృణీకరించుటకు ముందు తెలిసికొనవలెను. ఏ నమ్మకము హాని చేయుచున్నదో, ఏది మేలు చేయుచున్నదో విడదీయుటయే విమర్శకుని పని.

వారి మరియొక కథ పానిపట్టు యుద్ధమును గూర్చినది. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు దీని ఆంగ్లరూపమును పదునొకండవ తరగతి వాచకమున చేర్చిరి. కావున మన పిల్లలు పెక్కుమంది చదివియే యున్నారు. చరిత్రాచార్యుడైన గంగాధరపంతు, 1761లో మరాఠులే గెలిచిన మరియొక లోకమునకు దారితప్పి పోవును. అచ్చట బొంబాయిలో నొక సభ జరుగుచుండగా, వేదికపై అధ్యక్షస్థానము ఖాళీగా నుండుట చూచి తానే ఎక్కి ఉపన్యాసమునకు దిగును. ఆ లోకపు జనులు ఉపన్యాసములతో విసిగియున్నవారు. గ్రుడ్లు, తక్కాలికాయలు విసరి ఆచార్యుని దింపివేయుదురు. ఒక తుపాకిగుండు వెంట్రుకవాసి తప్పుటచేత చరిత్ర యెట్లు మారునో చెప్పుట ఆ కథ యొక్క పైయర్థము. మాకు నచ్చినది మాత్రము ఆ సభయే. నార్లీకరుగారి ప్రధాన రచనలలో ప్రజలు పండితునికి బదులు చెప్పిన చోటు ఇది యొక్కటియే యని తోచుచున్నది. చెప్పిన బదులు గ్రుడ్లతో నైనను, చెప్పిరి.

నవలలలో వామన్ పరత్ న ఆలా యనునది మేలైనది. ప్రయోగశాలకై భూమిని త్రవ్వుచుండగా పూర్వకాలపు మహానాగరకత యొకటి దాచిపోయిన పేటిక బయటపడును. అందున్న సూచనల ననుసరించి శాస్త్రజ్ఞులు బుద్ధిగల యంత్రము నొకదాని నిర్మింతురు. ఆ యంత్రము తనవంటివానిని తానే నిర్మించుకొనగోరును. పూర్వనాగరకత నాశనమైన హేతువు అప్పుడు తెలియవచ్చును. బలిచక్రవర్తి కథ నెఱిగినవారికి ఈ పేరులోని హెచ్చరిక సుబోధము: మూడడుగులే గదా యని ఇచ్చినది ముల్లోకములను కొలుచును. బుద్ధిగల యంత్రములను గూర్చి లోకమంతయు వాదులాడుచున్న ఈ దినములలో, 1980వ దశకముననే ఈ నవల వెలువడినదని కొందరు పొగడుదురు. జోస్యము ఫలించెనని నవలను పొగడుట, జోస్యులను ఖండించిన ఈ రచయితకు తగిన పొగడ్త గాదు. నవల గుణము వేరొకటి: తాను చేయగలిగిన దానిని చేయక మానుట ఎంత కష్టమో శాస్త్రజ్ఞుని మనస్సులో ప్రవేశించి చూపుట.

గుణములు చెప్పితిమి గనుక దోషములును చెప్పవలెను. వీరి పాత్రలు తరచుగా మాటలాడు పాఠ్యపుస్తకములు. ఒకడు ప్రశ్నించును, మరియొకడు రెండు పుటలు సమాధానము చెప్పును. స్త్రీలు కొద్దిమంది; ఆ కొద్దిమందియు కాఫీ తెచ్చుటకో, భయపడుటకో, ఆశ్చర్యపడుటకో వత్తురు. ఇల్లాలు మంగళగారు స్వయముగా గణితశాస్త్రజ్ఞురాలైన రచయితకు ఇది లోపమే. పొలము, కూలి, ఆకలి, అప్పు అను మాటలు ఈ పుటలలో అరుదు. లోకము నశింపబోవునంతటి విపత్తు వచ్చినను దాని బరువు మోయునది సమావేశమందిరములలోని పదిమంది. అన్నిటికంటె ముఖ్యమైన దోషము: ఈ కథలలోని ప్రధాన శాస్త్రజ్ఞుడు పొరబడడు. హిమయుగము రానున్నదని హెచ్చరించు శాస్త్రజ్ఞుని మాట తొలుత నెవ్వరును వినరు, మంచు కురియును, ఆయన చెప్పినదే నిజమగును. లెక్క ఎల్లప్పుడు సరిపోవును. సందేహము ఎదుటివానికే గాని ఆయనకు లేదు.

ఇప్పుడు కథలను విడిచి కథకుని జీవితమును చూడుడు. 1948లో హాయిల్ మరి యిద్దరు శాస్త్రజ్ఞులతో గూడి, విశ్వమునకు ఆదిలేదు, అది ఎల్లకాలము ఒకే తీరున నున్నదను స్థిరస్థితి సిద్ధాంతమును ప్రతిపాదించెను. విశ్వము ఒక మహావిస్ఫోటముతో నారంభమయ్యెనను ప్రతిపక్ష సిద్ధాంతమునకు బిగ్ బ్యాంగ్ అను పేరు పెట్టినదియు ఆయనయే. 1949లో రేడియో ఉపన్యాసమున వాడిన మాట యది. 1965లో ఆకాశమున నన్ని దిక్కులనుండి వచ్చు సూక్ష్మతరంగ వికిరణమును కనుగొనిన వార్త ప్రకటితమగుటతో పండితులలో నత్యధికులు మహావిస్ఫోట పక్షమును స్వీకరించిరి. నార్లీకరుగారు స్వీకరింపలేదు. గురువుతోను, జెఫ్రీ బర్బిడ్జితోను గలిసి, 1993లో పాతసిద్ధాంతమును సవరించి క్రొత్తరూపమున ప్రతిపాదించిరి. అదియు శాస్త్రలోకమున అంగీకారము పొందలేదు. జీవితాంతమువరకు వారు అల్పసంఖ్యాకుల పక్షముననే నిలిచిరి. కాని నిలిచిన తీరు గమనింపదగినది. తమ సిద్ధాంతము తప్పని తేల్చుటకు ఏ పరిశీలన చేయవలెనో తామే చెప్పుచు, దూషణములేక వాదించుచు, తమతో నేకీభవింపని యువకులకు తమ సంస్థయందే చోటిచ్చుచు నిలిచిరి.

2001, 2005 సంవత్సరములలో హైదరాబాదునందలి బెలూను కేంద్రమునుండి జరిగిన ప్రయోగములును ఈ మార్గమువే. 2005 ఏప్రిలు 20న ఎగురవేసిన బెలూను 41 కిలోమీటర్ల ఎత్తువరకు పోయి పలుచని గాలిని పట్టి తెచ్చెను. జీవబీజములు అంతరిక్షమునుండి భూమికి వచ్చెనేమో యని హాయిల్ పక్షమువారి ఊహ. దానిని పరీక్షించుటయే ఉద్దేశము. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునందును పుణెలోని ప్రయోగశాలయందును పరీక్షలు జరిగినవి. 12 బాక్టీరియా సమూహములు, 6 శిలీంధ్ర సమూహములు దొరకినవి. అందు మూడు అంతకుముందు లోక మెఱుగని జాతులు. ఒకదానికి హాయిల్ పేరు, మరియొకదానికి ఆర్యభటుని పేరు పెట్టిరి. 2009లో ఫలితములను ప్రకటించుచు, ఇవి అంతరిక్షమునుండియే వచ్చినవని దీనివలన నిర్ధారణ గాలేదని స్పష్టముగా చెప్పిరి. తమ ఊహకు బలము చేకూర్చు అవకాశము చేతికందినపుడు, సాక్ష్యము చెప్పినంతవరకే చెప్పి ఆగిన వారిని మేము నిండుమనస్సుతో గౌరవింతుము.

జ్యోతిషమునెడలను వారు తిట్టుతో తృప్తినొందలేదు; పరీక్ష పెట్టిరి. మహారాష్ట్ర అంధశ్రద్ధా నిర్మూలన సమితివారి సహాయముతో 200 మంది పిల్లల జన్మవివరములను సేకరించిరి. అందు 100 మంది చదువున చురుకైనవారు, 100 మంది బుద్ధిమాంద్యము గలవారు. పరీక్షకు లోబడిన 27 మంది జోస్యులకు ఒక్కొక్కరికి 40 జాతకములిచ్చి, ఏవి యెవ్వరివో చెప్పుమనిరి. సగటున నూటికి 46 సరియైనవి. నాణెము నెగురవేసి బొమ్మాబొరుసా యని చెప్పినను నూటికి 50 సరిపడవలెను గదా! ఈ యుద్యమమున ఆయన చేసినది ఉపన్యాసము గాదు, ఎవ్వరైనను మరల చేసి చూచుకొనదగిన లెక్క.

కావున మా తీర్పు ఇది: నార్లీకరుగారు వ్రాసిన నవలలకంటె వారు జీవించిన నవల గొప్పది. నవలలోని శాస్త్రజ్ఞుడు సర్వజ్ఞుడు. జీవితములోని శాస్త్రజ్ఞుడు జిజ్ఞాసువు. ఒకడు లోకమును రక్షించి పొగడ్తలందును. మరియొకడు ఓడియు, ఓడినవాడు చేయవలసిన మర్యాదతో పరిశోధన సాగించును. వారే తమ రెండవ స్వరూపమును నవలకెక్కించియున్నచో అది భారతీయ సాహిత్యమున నపూర్వమై యుండెడిది.

ఈ రెండవ స్వరూపమే ఉద్దానమునకు కావలయును. ఇచటి వ్యాధికి భూగర్భజలములోని పదార్థములా, పురుగుమందులా, మండుటెండలో నీరు చాలక చేయు కష్టమా, నొప్పిమాత్రల వాడకమా, వంశానుగత లక్షణమా, లేక ఇవి కొన్ని గలసియా కారణమని పరిశోధకులు వెదకుచునే యున్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతమునను, మధ్య అమెరికా చెరకుతోటల కూలివారియందును ఇట్టి వ్యాధియే కనబడుచున్నది. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండ పరిశోధన కేంద్రమును 200 పడకల ఆసుపత్రియు, హిరమండలము జలాశయమునుండి ఉద్దాన గ్రామములకు మంచినీటి పథకమును ప్రారంభమైనవి. ఇవి సంతోషకరములు. కాని కారణము తేలనంతకాలము, వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్ యను రక్తశుద్ధికై ప్రయాణము చేయు రైతుకూలికి శాస్త్రజ్ఞుడేమి చెప్పవలెను? కథలలోని సర్వజ్ఞుడైనచో ఏదో యొక కారణమును తేల్చిచెప్పి చప్పట్లు కొట్టించుకొనును. నిజమైన శాస్త్రజ్ఞుడు, తెలియదు, ఇంతవరకు చూచినవి యివి, ఇక చూడవలసినవి యివి, నీ రక్తమునందును నీ బావినీటియందును కనబడినది యిది, అని అతని భాషలో, అతని అరుగుపై కూర్చుండి చెప్పును. తెలియదను మాట అవమానము గాదు, దాచుట అవమానము. తెలియదని చెప్పి మరల వచ్చువానిని జనులు నమ్ముదురు. చెప్పక పోవువాని వెనుక మంత్రగాడు వచ్చును.

ఇంకొక సంగతి. ప్రజలు తెలిసికొనవలసినవారే గాదు, తెలిసినవారును. సోంపేటలో బీల భూములు పనికిరాని నేలయని కాగితములలో వ్రాయబడి, విద్యుత్కేంద్రమునకు కేటాయింపబడినపుడు, అది వరిపండు తడినేల, చేపలు పెరుగు నీరు, పక్షులు దిగు తావు అని ముందుగా చెప్పినవారు రైతులును మత్స్యకారులును. 2010 జూలై 14న అచ్చట కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. అదే దినమున పర్యావరణ అనుమతి రద్దయ్యెను. నిపుణుని నివేదిక తప్పి, పల్లెవాని కన్ను సరియైన ఆ ఘట్టమునకు నార్లీకరుగారి కథాలోకమున చోటు లేదు. ఉండవలసినది.

పలాసకు శాస్త్రకల్పనతో పూర్వసంబంధము నొకటి స్మరింపదగును. 1940లో పలాసయందు జరిగిన అఖిల భారత కిసాన్ సభకు అధ్యక్షులుగా ఎన్నుకొనబడినవారు రాహుల్ సాంకృత్యాయనులు. వారు శాస్త్రజ్ఞులు గారు. అయినను అంతకు చాలముందే బాయీస్వీ సదీ, అనగా ఇరువదిరెండవ శతాబ్ది, అను హిందీ నవలలో రెండువందల యేండ్లు నిద్రించి లేచిన మనుష్యుడు చూచు లోకమును చిత్రించిరి. రాహులుగారి నవలలో ప్రజలున్నారు, ప్రయోగశాల లేదు. నార్లీకరుగారి నవలలలో ప్రయోగశాల యున్నది, ప్రజలు లేరు. ఈ రెండింటిని గలుపు నవల ఏ భాషలో మొదట వచ్చునో ఆ భాష ధన్యము.

తెలుగున రాదగదా? మనకు శాస్త్రజ్ఞులైన రచయితలు లేకపోలేదు. ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన మహీధర నళినీమోహనుగారు, భాభా అణుపరిశోధన కేంద్రమున పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాదుగారు తేటతెలుగున శాస్త్రమును బోధించిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యులైన వేమూరి వేంకటేశ్వరరావుగారు శాస్త్రవ్యాసములే గాక మహాయానమను పేర వైజ్ఞానిక కల్పనా కథలను గూడ వ్రాసిరి. వీరు బాట వేసిరి. బండి నడపువారు కావలయును. అట్టివారు కేంబ్రిడ్జినుండియే రానక్కరలేదు. పలాస ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయు యువకుడు, టెక్కలి కళాశాలలో రసాయనశాస్త్రము బోధించు ఉపాధ్యాయిని, ఊరూర నీటినమూనాలు పట్టు పరిశోధక విద్యార్థి, వీరిలో నెవ్వరైనను కావచ్చును.

వారికి మా విన్నపమిది. నార్లీకరుగారిని చదువుడు. పేరును గాక పనిని జూచి తీర్పు చెప్పు నిష్పక్షపాతమును, మాతృభాషపై ప్రేమను, సాక్ష్యము చెప్పినంతవరకే చెప్పు నిగ్రహమును వారియొద్ద నేర్చుకొనుడు. పొరబడని కథానాయకుని మాత్రము వారికే విడిచిపెట్టుడు. మీ నవలలో శాస్త్రజ్ఞుడు తెలియదని చెప్పుటకు సిగ్గుపడకుండుగాక. మీ ఇంద్రాణీదేవికి ఆకాశమున వచ్చుచున్నదేమో ముందుగా తెలియుగాక. మీ జీడితోట కూలివాడు ప్రశ్నించుగాక, ఒక్కొక్కమారు బదులును చెప్పుగాక. అట్టి పుస్తకము వెలువడిననాడు ఈ తీరపు గ్రంథాలయములలో దానికొరకు పాఠకులు పేరులు వ్రాయించుకొని వేచియుందురనుటలో మాకు సందేహము లేదు.